కాలం చేసిన తాత, కాలు లేని కొంగ

(పిల్లల నవల గురించి ఒడిశాలోని బరంపురంలో తెలుగు తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగానికి రాతరూపం)

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకూ, ముందు చాప మీద కూర్చున్న చిన్నవాళ్ళకూ వేరువేరుగా నమస్కారం చెబుతున్నాను. ఈ ప్రసంగం పెద్దల కోసమని పిలుపులో రాసినా పిల్లలు కూడా వచ్చారు కాబట్టి, వాళ్ళకు వినిపించకూడని మాట ఇందులో ఏదైనా ఉందా అని బస్సులో వస్తూ మరోసారి చూసుకున్నాను. ఉన్నది ఒక్కటే మాట, చావు. అది పిల్లల చెవిన పడకూడదని మీలో చాలామంది అనుకుంటారని నాకు తెలుసు. నేను అలా అనుకోవడం లేదు గనుక ఎవరినీ బయటికి పంపవద్దని కోరుతున్నాను.

నేను ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో చిన్న తరగతులకు పాఠం చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. రచయిత్రినని చెప్పుకునే అలవాటు నాకు లేదు. ఒక పిల్లల నవల రాశాను, అది ఇంకా అచ్చు కాలేదు, రాతప్రతిగానే నాలుగు ఇళ్ళు తిరుగుతోంది. దాని పుట్టుక ఒక ప్రశ్నలో ఉంది. చాలా ఏళ్ళ కిందట నా తరగతిలో ఆరేళ్ళ పిల్ల ఒకతె పదిహేను రోజులు బడికి రాలేదు. తిరిగి వచ్చిన రోజున ఎందుకు రాలేదమ్మా అని అడిగితే, "మా తాత కాలం చేశాడు టీచరుగారూ" అంది. పెద్దవాళ్ళ నోటి నుంచి విన్న మాటను ఉన్నదున్నట్టుగా నాకు అప్పగించి, కాసేపు ఆగి, "దేంతో చేశాడో మీకు తెలుసా?" అని అడిగింది. ఆ పిల్ల తాత వడ్రంగి. పీటలు, మంచపు కోళ్ళు, తలుపులు చేసిన మనిషి. కాబట్టి ఇప్పుడు కాలం చేశాడంటే అది కూడా టేకుతోనో మద్దితోనో చేసి ఉంటాడని ఆమె అనుకోవడంలో తప్పు ఎక్కడుందో నాకు ఆ రోజూ తెలియలేదు, ఈ రోజూ తెలియదు. నేను సమాధానం చెప్పకుండా పలక తీయమన్నాను. ఒక ఉపాధ్యాయురాలిగా నేను సిగ్గుపడే సందర్భాల్లో అది మొదటిది.

మన భాషలో చావును చావు అని అనకుండా ఉండడానికి ఉన్నన్ని మాటలు మరి దేనికీ లేవేమో అనిపిస్తుంది. కన్నుమూశారు, తనువు చాలించారు, స్వర్గస్థులయ్యారు, పరమపదించారు, దివంగతులయ్యారు. మా వైపు ఇళ్ళల్లో అయితే పోనాడు అని ఒక్క మాటతో సరిపెడతాం. ఇవన్నీ పెద్దవాళ్ళు ఒకరి బాధను మరొకరు తాకకుండా పక్కనుంచి నడిచిపోవడానికి వేసుకున్న గట్లు. పిల్లలు గట్టు మీద నడవరు, పొలంలోకే దిగుతారు. కన్నుమూసిన తాత రేపు పొద్దున్న ఎన్ని గంటలకు తెరుస్తాడని అడుగుతారు. పోనాడు అంటే ఏ బండి మీద పోనాడని అడుగుతారు. మనం వాటిని ముద్దుమాటలని నవ్వి, ఆ నవ్వులో మన కళ్ళు తుడుచుకుంటాం. నవలలో నేను చేసింది, ఆ ప్రశ్నలు అడిగిన పిల్లను నవ్వకుండా నమ్మి, ఆమె వెనకాలే చివరిదాకా నడవడం.

కథ క్లుప్తంగా చెబుతాను. పర్లాకిమిడిలో అప్పన్న అనే కొమ్ముపనివాడు ఉండేవాడు. మా ఊరి కొమ్ముపని గురించి ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. పశువుల కొమ్ములతో చేసిన దువ్వెనలు, కొంగలు, చేపలు, నెమళ్ళు మీ అద్దాల బీరువాల్లోనూ ఉంటాయి. అప్పన్న మనవరాలు ఎనిమిదేళ్ళ నూకాలు. 2004 వేసవిలో అప్పన్న పోయాడు. వచ్చినవాళ్ళంతా ఆయన కాలం చేశాడని అంటున్నారు. కొమ్ముతో ఏదైనా చేయగల తాత కాలం కూడా చేశాడని విన్న నూకాలుకు ఆశ్చర్యం ఏమీ కలగలేదు గానీ, చేసినది ఎక్కడ పెట్టాడో ఎవరూ చెప్పకపోవడం మాత్రం అన్యాయంగా తోచింది. కాలాన్ని వెతకడానికి ఆమె పనిపాకలోకి వెళ్ళింది. అక్కడ మసి పట్టిన గూట్లో ఒంటికాలి కొంగ ఒకటి కూర్చుని, "మీ తాత కాలం చేశాడు గానీ నాకు కాలు చెయ్యలేదు" అని ఫిర్యాదు చేసింది. నవల మొదటి అధ్యాయం అక్కడ ముగుస్తుంది.

ఈ కొంగ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాని మీదే నాకు ఎక్కువ తగాదాలు వచ్చాయి. మాట్లాడే పక్షి కనిపించగానే చదివినవాళ్ళు అది పిల్లను ఓదారుస్తుందని, తాత మాటలు దాని నోట వినిపిస్తాయని, చివరికి ఎగిరిపోతుందని ఎదురుచూస్తారు. నా కొంగకు ఓదార్చడం రాదు. దానికి తన కాలు తప్ప లోకంలో మరి దేని మీదా ఆసక్తి లేదు. ఇంట్లో అందరూ ఏడుస్తుంటే, "ఏడవండి, ఏడవండి, ఆ చేత్తోనే ఆకురాయి కూడా ఇటు అందించండి" అంటుంది. ఒంటికాలి మీద నిలబడడం కొంగలకు అలవాటే కదా అని నూకాలు అంటే, "రెండోది ఉండి ముడుచుకోవడం వేరు, లేకపోవడం వేరు" అని కసురుతుంది. ఈ ఒక్క మాట రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఇంట్లో మనిషి పోయిన పిల్లకు పక్కింట్లో తాత ఊరికి వెళ్ళిన పిల్లను చూస్తే ఏమనిపిస్తుందో, అది దుఃఖమని చెప్పకుండా చెప్పే మార్గం నాకు ఆ స్వార్థపు కొంగ నోట దొరికింది.

వింత కల్పన అంటే చేదు మాత్రకు పూసిన బెల్లమని అనుకునేవారున్నారు. పిల్లల పుస్తకంలో నవ్వు పుట్టించే సంగతులు ఎక్కువ ఉంటే దుఃఖం తేలిక అవుతుందని కూడా అంటారు. నా అనుభవంలో పిల్లల ఊహ అలా నడవదు. వాళ్ళకు కొంగ మాట్లాడడం వింత కాదు, కొంగ మాట్లాడినా ఇంట్లో ఎవరూ వినకపోవడమే వింత. కాబట్టి కల్పన ఎంత విడ్డూరమైనదైనా దాని లోపలి లెక్క తప్పకూడదు. కాలం చేశాడంటే చేసిన వస్తువు ఉండాలి, వస్తువు ఉంటే దానికి ముడిసరుకు ఉండాలి, పనిముట్టు ఉండాలి, మిగిలిన పొట్టు ఉండాలి. నూకాలు ఇవన్నీ వరసగా పరిశీలిస్తుంది. తాత ఒళ్ళంతా ఎప్పుడూ అంటుకుని ఉండే కొమ్ముపొడిని డబ్బాలో ఎత్తి, ఇది కాలం చేయగా రాలిన పొట్టు అని మూత పెడుతుంది.

అందుకోసం నేను కొమ్ముపని నేర్చుకోలేదు గానీ, చేసేవారి పక్కన కూర్చుని చూశాను. పశువు కొమ్ము లోపల బోలుగా ఉంటుంది, కొన దగ్గర మాత్రమే గట్టి. అది ఎముక కాదు, మన గోళ్ళూ వెంట్రుకలూ ఏ కెరటిన్‌తో అయ్యాయో అదే. వేడి తగిలితే మెత్తబడి, చెప్పినట్టు వంగి, చల్లారాక ఆ వంపును వదలదు. కాలుతున్నప్పుడు వచ్చే వాసన జుట్టు కాలిన వాసనే. దువ్వెన చేసే కొమ్మూ, దువ్వించుకునే జుట్టూ ఒకే పదార్థమని తెలిసినప్పుడు నాకు చిన్నపిల్లలా సంతోషం కలిగింది. అది వెంటనే నవలలోకి వెళ్ళింది. నూకాలు తాత చేసిన దువ్వెనతో మామ్మ తల దువ్వుతూ, తాత జుట్టే మామ్మ జుట్టును దువ్వుతోందని అనుకుంటుంది. వంపు ఇచ్చే వేళను గురించి కూడా ఒక అధ్యాయం ఉంది. కొమ్ము వేడిగా ఉన్న ఆ కాసేపే మనిషి మాట వింటుంది. తొందరపడి ముందే వంచితే విరుగుతుంది, ఆలస్యమైతే మొండికేస్తుంది. అప్పన్న పోయిన ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కొక్క వేళకు వంగుతారు. మామ్మ మూడో రోజునే పొయ్యి దగ్గరకు వెళ్ళింది. నాన్న మాత్రం నెలల తరబడి పనిపాక తలుపు తీయలేదు. నూకాలు ఆయన్ని తిట్టుకోకుండా, ఇంకా వేడెక్కలేదని లెక్క వేసుకుంది.

ఇక పనిపాకలో ఆమెకు దొరికిన అసలు వస్తువు సగం పళ్ళు కోసిన దువ్వెన. ఇరవై మూడు పళ్ళు కోసి ఉన్నాయి, ఆ తరవాత వట్టి కొమ్ము. ఇరవై మూడో పన్ను పక్కన రంపం పెట్టడానికి గీసిన గీత కూడా ఉంది. చాలాసేపు చూసిన నూకాలు, తాత చేసిన కాలం ఇదేనని, ఇక్కడిదాకానే చేశాడని తేల్చుకుంటుంది. ఇంతకు మించి దాని గురించి చెప్పను.

పోనాడు అన్న మాటకు కూడా నవలలో న్యాయం చేశాను. మా ఊరి చిన్నబండిని ఎరిగినవాళ్ళు ఈ సభలో ఉండే ఉంటారు. గౌరచంద్ర గజపతి రాజావారు పూనుకుని వేయించిన రెండున్నర అడుగుల పట్టాల మీద, నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన బండి అది. 1931 నాటికి గుణుపురం దాకా వెళ్ళింది. పెద్ద పట్టాలు వేయడం కోసం 2004లో దాన్ని ఆపేశారు. అప్పన్నను నేను ఆ ఏడాదే చంపడానికి కారణం అదే. తాత పోనాడని మామ్మ అన్నప్పుడు, బండే లేని ఊరి నుంచి తాత ఎలా పోగలిగాడన్నది నూకాలుకు పెద్ద చిక్కు. బండి తిరిగి వస్తే తాత కూడా వస్తాడని ఆమె అనుకుంటే ఆ అమాయకత్వం మీద ఎవరైనా కన్నీళ్ళు పెట్టించవచ్చు. నేను ఆ పని చేయలేదు. బండి మళ్ళీ గుణుపురం చేరేసరికి 2011 వచ్చింది. అప్పటికి నూకాలుకు పదిహేనేళ్ళు. నవల చివరి అధ్యాయాల్లో ఆమె స్టేషనుకు వెళుతుంది గానీ ఎవరికోసమూ వెతకదు, పట్టాల మధ్య వెడల్పును అడుగులతో కొలిచి, ఇంత వెడల్పు బండిని తాత ఎక్కి ఎరగడని మాత్రం అనుకుంటుంది.

సరిహద్దులో బతికే మనకు ఇంకొక సౌకర్యం ఉంది. మన పిల్లలు చావును రెండు భాషల్లో అపార్థం చేసుకోగలరు. నూకాలు స్నేహితుడు ఒడియా పిల్లవాడు. అతని ఇంట్లో పోయినవారు ఆరపారికి వెళ్ళారని అంటారు, అంటే అవతలి ఒడ్డుకు. మా ఊళ్ళో అవతలి ఒడ్డంటే మహేంద్రతనయ నదికి ఆవల ఉన్న పాతపట్నమే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పాతపట్నం అటు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండిపోయింది. పిల్లలిద్దరూ అప్పన్న ఆంధ్రాకు వెళ్ళాడని తేల్చుకుని, పాతపట్నంలోని నీలమణి దుర్గ గుడి దగ్గర కూర్చునే ముసలివాళ్ళందరి చేతివేళ్ళూ పరీక్షించి వస్తారు. కొమ్ము పట్టిన వేళ్ళు గుర్తుపట్టడం సులభమని నూకాలు నమ్మకం. నవలలో పిల్లలు ఎక్కువగా నవ్వే అధ్యాయం ఇది. నేను రాస్తున్నప్పుడు ఎక్కువగా ఆగిపోయింది కూడా ఇక్కడే.

ఇప్పుడు నవల పక్కన పెట్టి, నాకు ఈ ధైర్యం ఎక్కడిదో చెప్పాలి. మా కొండల మీద సవరలనే గిరిజనులు ఉన్నారు. తమను సొర అని చెప్పుకుంటారు. వాళ్ళ భాషను గిడుగు రామమూర్తిగారు మా ఊళ్ళోనే నేర్చుకున్నారు. 1880లో నెలకు ముప్పై రూపాయల జీతానికి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరిన ఆయన, తెలుగు తెలిసిన సవర ఒకరిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష పట్టుబట్టి నేర్చుకుని, సవర పిల్లలకు బడులు పెట్టించి, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. వాడుక మాటకు గౌరవం తెచ్చిన ఆయన తిరిగిన ఊరి నుంచి వచ్చి, ఇంత పుస్తకపు తెలుగులో మాట్లాడుతున్నందుకు మన్నించండి. కాగితం చూసి చదివితే నాకు భాష ఇలాగే వస్తుంది. నవలలో మాత్రం అందరూ మా ఊరి మాటే మాట్లాడతారు, కొంగతో సహా.

సవరల ఇళ్ళ గోడల మీద వేసే బొమ్మలను మీరు చీరల మీదా, ప్రభుత్వ భవనాల ప్రహరీల మీదా చూసే ఉంటారు. వాటి అసలు చోటు ఇంటి లోపలి గోడ. ఇడితాల్ అంటారు. ఎర్రమట్టితో అలికిన గోడ మీద బియ్యపుపిండి నీళ్ళలో పుల్ల ముంచి గీస్తారు. పంట కోసమూ, జబ్బు పోవడానికీ కూడా వేస్తారు గానీ, చాలావాటిని పోయినవారి కోసం వేస్తారు. ముందు ఒక చదరం గీస్తారు, అది వాళ్ళుండే ఇల్లు. దాని లోపల వాళ్ళకు కావలసినవన్నీ ఉంటాయి. ఏనుగులు, గుర్రాలు, చెట్లు, నాట్యం చేసేవాళ్ళు, వాటి నడుమ సైకిలు, రైలుబండి, విమానం. గిరిజనుల మధ్య బతికి వాళ్ళ గురించి రాసిన వెరియర్ ఎల్విన్ 1950ల్లో వీటి గురించి వివరంగా రాశాడు. ఆయన చెప్పిన ఒక సంగతి నన్ను ఇప్పటికీ వదలదు. బొమ్మ పూర్తయ్యాక పూజారి ఆ పోయినవారిని పిలిచి చూపిస్తే, వాళ్ళు వచ్చి చూసుకుని, ఇది చాలలేదు, ఇక్కడ ఇంకొకటి వెయ్యండి అని దిద్దుబాట్లు చెబుతారట. చనిపోయినవాడు బొమ్మలో తప్పులు పట్టడమన్న ఆలోచనలో ఎంత హాస్యముందో, ఎంత ప్రేమ ఉందో చూడండి. పిల్లల నవలకు నాకు ఇంతకన్నా పెద్ద గురువు దొరకలేదు. అప్పన్న కొంగ ఎలా ఉండాలో అప్పన్నే చెప్పలేడు గనుక, ఆ నస పెట్టే బాధ్యతను నేను కొంగకు అప్పగించాను.

1970ల్లో సవర పల్లెల్లో ఉండి చూసిన మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ మరొక సంగతి రాశాడు. పోయినవారితో మాట్లాడడం వాళ్ళకు ఒక్క కర్మ రోజుతో అయిపోయేది కాదు. పూనకం వచ్చిన మనిషి నోట ఆ పోయినవారు మాట్లాడితే, ఇంటివాళ్ళు చుట్టూ కూర్చుని ఎలా పోయావు, ఏం నొప్పి పుట్టింది, మా మీద కోపమా అని అడుగుతారు, తగవులాడతారు, ఏడుస్తారు, నవ్వుకుంటారు. ఇలా ఏళ్ళ తరబడి సాగుతుంది. ఇప్పటి తరంలో చాలామంది క్రైస్తవంలోకి వెళ్ళారు, కొందరు హిందూ పద్ధతుల వైపు వచ్చారు, ఆ మాటలు తగ్గిపోయాయి. అది మంచో చెడో చెప్పడానికి నేను ఎవరిని? కొండ దిగువన ఉన్న మనం పన్నెండు రోజుల్లో అన్నీ ముగించి, పదమూడో రోజు పిల్లను బడికి పంపి, తాత పేరు ఎత్తితే మామ్మ ఏడుస్తుందని నోరు నొక్కుతాం. ఏళ్ళ తరబడి మాట్లాడుకునే ఏర్పాటు మన పిల్లలకు ఏదైనా ఉందా అని వెతికితే, నాకు పుస్తకమే కనిపించింది.

నాకు తగాదాలు వచ్చాయని ముందు అన్నాను కదా. రాతప్రతి చదివిన ఒక ప్రచురణకర్త చాలా మర్యాదగా రెండు మార్పులు అడిగారు. తాత చావకుండా పట్నంలో కొడుకు దగ్గరకు వెళ్ళాడని పెట్టమన్నారు. అది కుదరకపోతే, నూకాలు చేసిన కొంగకు జిల్లా స్థాయి పోటీలో మొదటి బహుమతి వచ్చినట్టూ, దాంతో ఇంట్లో వాళ్ళంతా దుఃఖం మరిచి చప్పట్లు కొట్టినట్టూ ముగించమన్నారు. మొదటి మార్పుకు నాకు కోపం రాలేదు, పిల్లలను కాపాడాలన్న తాపత్రయం అందులో ఉంది. రెండోదానికి వచ్చింది. సృజన అనేది కషాయం లాంటిదని, మూడు పూటలా పడితే దుఃఖం దిగిపోతుందని మనం పిల్లలకు నేర్పుతున్నాం. బొమ్మ గియ్యి, బాధ పోతుంది. కవిత రాయి, తేలిక పడతావు. తీరా గీసిన పిల్లకు బాధ పోకపోతే, తన బొమ్మే బాగాలేదనుకుంటుంది. తాత పోయిన దుఃఖానికి తోడు చేతకానితనం కూడా నెత్తిన పడుతుంది.

నా ఇంటి సంగతి ఒకటి చెప్పుకుంటాను. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా తమ్ముడు జ్వరంతో పోయాడు. వాడికి నాలుగేళ్ళు. ఆ తరవాత మా అమ్మ ఏడాది పాటు వాకిట్లో ముగ్గు వెయ్యలేదు. ఊళ్ళో అందరి వాకిళ్ళూ తెల్లగా ఉండి, మాది మాత్రం వట్టి కళ్ళాపి నీళ్ళతో ఆరిపోయేది. మార్గశిరం వచ్చింది. మీకు తెలుసు, గురువారాలు మాణబసా పూజకు ఒడియా ఇళ్ళల్లో బియ్యపుపిండితో జోటి అనే ముగ్గు వేసి, లక్ష్మి పాదాలు వీధి నుంచి గుమ్మంలోకి దిద్దుతారు. పక్కింటి మావుసి, అంటే పిన్ని, ఆ పాదాలు దిద్దుకుంటూ మా అరుగు దగ్గరికి వచ్చి ఆగింది. మా ఇంట్లోకి దిద్దితే తప్పవుతుందో, దిద్దకపోతే తప్పవుతుందో ఆమెకు తెలియలేదు. చివరికి ఒక్క పాదం, ఎడమదో కుడిదో గుర్తులేదు, మా మెట్టు మీద వేసి వెళ్ళిపోయింది. మా అమ్మ దాన్ని చెరపలేదు, దాని పక్కన రెండోది వెయ్యనూ లేదు. నేను మాత్రం బీరువా తలుపు లోపలి వైపు సుద్దముక్కతో రోజుకొక ముగ్గు వేసి, అమ్మ చూడకముందే తుడిచేసేదాన్ని. ఆ ముగ్గుల వల్ల నా బాధ తగ్గిందా అంటే తగ్గలేదు. కానీ రోజులో ఒకసారి, ఆ తలుపు వెనక, వాడి గురించి ఆలోచించడానికి నాకొక చోటు ఉండేది. ఒంటికాలి కొంగ ఆ మెట్టు మీదనుంచే వచ్చిందని నవల సగం రాశాక గానీ నాకు తట్టలేదు.

ఇక కాకి అధ్యాయం. పదో రోజున ఏటి ఒడ్డున పిండం పెడితే కాకి ముట్టదు. మనకందరికీ తెలిసిన ఘట్టం. పోయినాయన కోరిక ఏదో మిగిలిపోయిందని పెద్దవాళ్ళు ఒక్కొక్కరూ మాట ఇవ్వడం మొదలుపెడతారు. అప్పు తీరుస్తాం, చిన్నకూతురి పెళ్ళి చేస్తాం, పాక పడగొట్టం. కాకి రాదు. నూకాలు ముందుకు వచ్చి, కొంగకు రెండో కాలు నేను పెడతానని అంటుంది. మొదటి ప్రతిలో ఆ మాట అనగానే కాకి వాలి తిన్నట్టు రాశాను. చదివినవాళ్ళు బాగుందని అన్నారు, కళ్ళు తుడుచుకున్నారు. వారం తరవాత నాకే అది అబద్ధమని అనిపించింది. తాత నా మాట విన్నాడు అని పిల్ల నమ్మేట్టు చేయడం, తరవాత ఏ రోజునైనా కాకి రాకపోతే తాత అలిగాడని నమ్మేట్టు చేయడమే. రెండో ప్రతిలో కాకి రాలేదు. ఎండ ఎక్కుతుంటే పెద్దవాళ్ళు విస్తరిని ఏట్లో వదిలి ఇంటికి బయలుదేరారు. నూకాలు మాట మాత్రం ఇచ్చేసింది. ఎవరూ సాక్ష్యం లేకపోయినా ఇచ్చిన మాట కాబట్టి పనిపాకకు వెళ్ళింది.

ఆమె చేసిన కాలు బాగా రాదు. ఎనిమిదేళ్ళ పిల్ల కాల్చి వంచిన కొమ్ము ఎంత బాగా వస్తుంది? ఒకటి విరిగింది, ఒకటి మాడింది, మూడోది కురచగా, కొంచెం వంకరగా తేలింది. అది పెట్టుకున్న కొంగ పక్కకు ఒరిగి నిలబడింది. "ఇది మీ తాత చేసిన కాలు కాదు" అంది కొంగ. "కాదు, నేను చేసింది" అంది నూకాలు. కొంగ ఒక అడుగు వేసి చూసి, కుంటుతూ గూట్లోకి పోయి, ఆ తరవాత మళ్ళీ మాట్లాడలేదు. ఆ మౌనం సంతోషమో అలకో నేను రాయలేదు. నాన్న పాక తలుపు తీసింది ఆ రాత్రే. ఎందుకు తీశాడో కూడా రాయలేదు. మాడిన కొమ్ము వాసన ఇంట్లోకి వచ్చి ఉంటుంది.

ఈ నవలను నేను అచ్చుకు ముందే పిల్లలకు చదివి వినిపిస్తున్నాను. దానికి కారణం సాహిత్యపరమైనది కాదు. మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట వచ్చు, తెలుగు రాత రాదు. చదువు ఒడియాలో, ఇంగ్లీషులో సాగుతుంది. అచ్చయినా వాళ్ళు చదవలేరు, వినగలరు. ఒక తల్లి అధ్యాయాలను ఒడియా లిపిలో తెలుగు మాటలుగానే రాసుకుని కొడుకు చేతికి ఇచ్చింది. వాడు గడగడా చదివాడు. లిపి గురించి బాధపడాలా, మాట మిగిలినందుకు సంతోషించాలా అని నేను ఆలోచిస్తున్నంతలో వాడు పేజీ తిప్పేశాడు.

కిందటి నెల మా వీధి అరుగు మీద పన్నెండు అధ్యాయాలు చదివి ముగించాను. తాత చేసిన దువ్వెన ఇరవై మూడు పళ్ళ దగ్గర ఆగిపోయిన సంగతిని బాగా గుర్తుపెట్టుకున్న ఒక పిల్లవాడు లేచి నిలబడి, "టీచరుగారూ, తాత చేసిన కాలం అయిపోయింది కదా, మరి ఇప్పుడు వాళ్ళింట్లో ఎవరు చేసిన కాలం వాడుతున్నారు?" అని అడిగాడు. ఈసారి పలక తీయమనలేదు. పదమూడో అధ్యాయంలో చెబుతానని అన్నాను. ఇంటికి వెళ్ళి చూసుకుంటే, అప్పటికే రాసి ఉంచిన పదమూడో అధ్యాయంలో దానికి సమాధానం లేదు, అసలు ఆ ప్రశ్నే లేదు. దాన్ని పక్కన పడేసి మళ్ళీ మొదలుపెట్టాను, ఇంకా నడుస్తోంది. కాబట్టి ఇవాళ ఇక్కడ కూడా పన్నెండు వరకే చదువుతాను. చాప మీద ఉన్నవాళ్ళు కొంచెం ముందుకు జరగండి, వెనక ఉన్నవాళ్ళకు నా గొంతు అందకపోతే చెయ్యి ఎత్తండి.